నలుగురున్న దుకాణానికి బీమా ఎవరిస్తారు?

పోయిన నెలలో ఒకరోజు పొద్దున, మా ఆయన ప్రెస్సులో పనిచేసే అబ్బాయి భార్య మా ఇంటికొచ్చింది. చేతిలో స్కానింగ్ కవరు. పిత్తాశయంలో రాళ్లున్నాయట. ఆపరేషన్ చేయాలన్నారట. "ఇప్పుడే వొద్దులే అక్కా, పిల్లల పరీక్షలయినంక జూస్తం" అంది. నొప్పి వస్తే ఏం చేస్తున్నావంటే, "సోడా తాగి పంటున్న" అని నవ్వింది.

ఆ నవ్వు మీకు తెలిసే ఉంటుంది. మనింట్లో ఆడవాళ్ల జబ్బులన్నీ పిల్లల పరీక్షల తర్వాత, పండుగ తర్వాత, ఆడబిడ్డ పెళ్లి తర్వాత అనే తారీకుల్లోనే ఉంటాయి.

వాళ్లకు ఆరోగ్యశ్రీ లేదా అని అడిగాను. రేషన్ కార్డు అత్తగారి ఊళ్లో ఉందట, పెళ్లయిన తర్వాత ఈమె పేరు అందులో ఎక్కలేదట. చాలాసార్లు తిరిగి తిరిగి ఊరుకున్నారు. ప్రెస్సులో జీతం నెలకు పన్నెండు వేలు. ప్రైవేటులో ఆపరేషన్ ఖర్చు ఆయన నాలుగైదు నెలల జీతం.

ఆ సాయంత్రం మా ఆయన ఒక బీమా ఏజెంటును పిలిపించారు. "మా దగ్గర నలుగురు పనిచేస్తరు. వాళ్లందరికీ కలిపి ఒక పాలసీ ఇయ్యండి" అన్నారు. "నలుగురికి గ్రూపు కాదు సార్" అన్నాడాయన. సరే, మా పక్కన టైలరు దుకాణం, జిరాక్సు సెంటరు, ఫ్లెక్సీలు కొట్టే షాపు ఉన్నాయి, అందరం కలిస్తే పదిహేడు మందిమి అవుతాం అన్నారు మా ఆయన. దానికి ఆ ఏజెంటు చెప్పిన జవాబు నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. "బీమా కోసమే గుంపు కడితే చెల్లదు సార్. రూల్ ఉంది."

కలిసి ఒక చీటీ వేసుకోవచ్చు, కలిసి వినాయకుణ్ని పెట్టొచ్చు. కలిసి జబ్బు ఖర్చు పంచుకుంటామంటే చెల్లదా? ఇది తెలుసుకోవాలని కూర్చున్నాను. తవ్వుతుంటే మన నల్లగొండ, మన పాలమూరు కథే బయటపడింది. అందుకే రాస్తున్నాను.

చీటీ వేరు, బీమా వేరు

ముందు ఒక చిన్న మాట. మనలో చాలామంది చీటీ కట్టే ఉంటాం. ఇరవై మంది నెలకు వెయ్యి కడితే, ఒక్కో నెల ఒక్కొక్కరు ఎత్తుకుంటారు. చివరికి లెక్క చూస్తే పాట కమీషన్లు అటూఇటూగా ఎవరు కట్టింది వాళ్లకే వస్తుంది. అంటే అది పొదుపు. గల్లగురిగిలో వేసుకున్న డబ్బులాంటిదే, కాకపోతే పదిమందివి కలిపిన గల్లగురిగి.

బీమా అలా కాదు. వందమంది కడతారు, జబ్బు పడ్డ ఐదుగురు తీసుకుంటారు. మిగతా తొంభై ఐదుమందికి పైసా తిరిగి రాదు. రాకపోవడమే వాళ్ల అదృష్టం. మరి ఇది నడవాలంటే గుంపు పెద్దదిగా ఉండాలి. నలుగురే ఉన్నచోట ఒకరికి గుండె ఆపరేషన్ వస్తే మిగిలిన ముగ్గురూ ఎన్నేళ్లు కట్టినా తీరదు. ఏజెంటు నలుగురికి ఇవ్వనన్నది అందుకే. ఆయన మీద నాకున్న కోపం సగం అక్కడే పోయింది.

గుంపు పెద్దదైతే సరిపోదు, రకరకాల మనుషులుండాలి కూడా. మన జిల్లాలో మర్రిగూడ దిక్కు ఫ్లోరైడు నీళ్లతో ఎముకలు వంగిపోయిన మనుషుల్ని చూసిన వాళ్లం మనం. ఒక్క ఆ ఊళ్లే కలిసి బీమా పెట్టుకున్నాయనుకోండి, అందరికీ ఒకటే జబ్బు, అందరికీ ఒకేసారి. ఎవరు ఎవరిని ఆదుకుంటారు? జబ్బున్న ఊరు జబ్బులేని ఊరితో కలవాలి. ముసలివాళ్లు పడుచువాళ్లతో కలవాలి. అది వాళ్లంతట వాళ్లు కలిస్తే జరగదు, ఎవరో కలపాలి. ఆ కలపడమే చట్టం పని. ఈ కథంతా ఆ చట్టం ఎవరిని లెక్కలోకి తీసుకుంది, ఎవరిని వదిలేసింది అన్నదే.

కప్పు కింద లెక్క

ప్రపంచంలో మొదట ఈ పని చట్టంగా చేసింది జర్మనీ. 1883లో బిస్మార్క్ కాలంలో కార్మికుల జబ్బు బీమా చట్టం వచ్చింది. చందాలో మూడింట రెండు వంతులు కార్మికుడు, ఒక వంతు యజమాని కట్టాలి. జబ్బు పడినప్పుడు మందులు, కొంత జీతం వస్తాయి. కట్టడం ఇష్టాయిష్టాల మీద వదిలెయ్యలేదు, తప్పనిసరి చేశారు. అసలు కిటుకు అదే. ఒంట్లో బాగున్నవాడు తప్పుకోవడానికి వీల్లేదు.

మన దేశంలో యుద్ధకాలంలో, 1943లో, ప్రొఫెసర్ బి.పి. అదార్కర్ అనే ఆర్థికవేత్తకు కార్మికుల ఆరోగ్య బీమా ఎలా ఉండాలో చెప్పమని ప్రభుత్వం అప్పగించింది. ఆయన 1944లో నివేదిక ఇచ్చారు. దాని ఆధారంగా స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు, 1948లో, ఈఎస్ఐ చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో నెహ్రూ దాన్ని ప్రారంభించారు. మన దగ్గర "ఈయస్సై దవాఖాన" అంటే సనత్ నగర్ పెద్దాసుపత్రి గుర్తొస్తుంది కదా, దాని వెనకున్న చట్టం ఇదే.

మంచి చట్టమే. కార్మికుడితో పాటు భార్యాపిల్లలకూ వైద్యం ఇస్తుంది. ఆడవాళ్లకు ప్రసూతి సెలవుల డబ్బు కూడా ఇస్తుంది. కానీ లెక్క మాత్రం కప్పు కింద తలల్ని బట్టి. మొదట్లో కరెంటుతో నడిచే ఫ్యాక్టరీలో ఇరవై మంది ఉంటేనే వర్తించేది. తర్వాత ఆ ఇరవై పదికి దిగింది.

పదికి దిగినా మన జిల్లాల్లో ఏ కప్పు కింద పదిమంది ఉన్నారు? బజారులో నడిచి చూడండి. బట్టల దుకాణంలో ముగ్గురు, హోటల్లో ఆరుగురు, వెల్డింగు షాపులో ఇద్దరు, మోటారు వైండింగు దగ్గర ఒక మేస్త్రీ, ఒక పిల్లగాడు. వీళ్లందర్నీ కలిపితే ఒక పెద్ద ఫ్యాక్టరీ అంత మంది. విడివిడిగా చూస్తే చట్టం కళ్లకు ఎవ్వరూ లేరు.

ఇల్లే ఫ్యాక్టరీ అయినప్పుడు

దుకాణమన్నా ఒక బోర్డు ఉంటుంది. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం ఊళ్లలో ఇల్లే కార్ఖానా. ఇటు గద్వాల, నారాయణపేటలోనూ అంతే. అక్కడ మగ్గం మీద కూర్చునే మనిషిని నేతకారుడు అంటారు. కండెలు చుట్టే భార్యను, రంగులద్దే తల్లిని, చిటికి కట్టే కోడలిని ఏమంటారు? ఏమీ అనరు. "ఇంట్లో పని" అంటారు.

ఆసు పోయడం చూశారా ఎప్పుడైనా? పోచంపల్లి పట్టుచీరకు రంగులద్దేముందు నూలును అర్ధచంద్రాకారంగా ఉన్న మేకుల మీద అటూఇటూ తిప్పి పోయాలి. ఒక్క చీరకు చెయ్యి తొమ్మిది వేల సార్లు ఆడాలి. రోజుకు రెండు చీరలంటే పద్దెనిమిది వేలు. ఈ పని చేసేది ఆడవాళ్లే. భుజాలు పడిపోయేవి. మన ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే ఆ బాధ చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, తర్వాత సినిమా కూడా వచ్చింది. ఆ సినిమా చూసి మనమంతా కళ్లు తుడుచుకున్నాం. కానీ నాకు ఒక్కటే అనిపిస్తుంది. కొడుకు యంత్రం కనిపెట్టే దాకా ఆ భుజం నొప్పి ఎవరి ఖాతాలోనూ పడలేదు. ఫ్యాక్టరీలో అయితే దాన్ని పనివల్ల వచ్చిన జబ్బంటారు. ఇంట్లో అయితే "వయసు మీద పడ్డది" అంటారు.

2005-06లో కేంద్ర ప్రభుత్వం చేనేత కార్మికులకు ఆరోగ్య బీమా పథకం తెచ్చింది. ఐసీఐసీఐ లాంబార్డ్ కంపెనీ ద్వారా నడిచింది. ప్రీమియంలో ఎక్కువ భాగం ప్రభుత్వానిది, కొంచెం నేతన్నది. నేతన్న, భార్య, ఇద్దరు పిల్లలు కలిపి ఏడాదికి పదిహేను వేల దాకా వైద్యం. ఈ రోజు వింటే చాలా తక్కువ అనిపిస్తుంది. కానీ అందులో రెండు మంచి సంగతులున్నాయి. ఒకటి, ఏడున్నర వేల దాకా ఆసుపత్రిలో చేరకుండా చూపించుకునే ఖర్చు కూడా ఇచ్చేవాళ్లు. జ్వరం, దగ్గు, మందుల చీటీ, కళ్లద్దాలు వంటివాటికే కదా ఇంటి డబ్బు కరిగిపోయేది. రెండోది నాకు మరీ నచ్చింది. మగ్గం నేసేవాళ్లనే కాకుండా, కండెలు చుట్టేవాళ్లనీ, పడుగు పట్టేవాళ్లనీ, రంగులద్దేవాళ్లనీ కూడా చేనేత కార్మికులుగా లెక్కపెట్టారు. ఇంట్లో పని అనుకున్నది మొదటిసారి ఒక రిజిస్టరులో పనిగా ఎక్కింది.

ఇక్కడ లెక్క కప్పును బట్టి కాదు, వృత్తిని బట్టి. ఊరూరా ఉన్న చిన్న చిన్న మగ్గాల్ని దేశమంతా ఒక గుంపుగా చూశారు. అంటే చిన్నవాళ్లను కలపడం కుదురుతుందన్నమాట. తర్వాత తర్వాత ఆ పథకం రూపు మారి వేరే పథకాల్లో కలిసిపోయింది. 2017లో పోచంపల్లిలోనే మన రాష్ట్ర ప్రభుత్వం "నేతన్నకు చేయూత" ప్రారంభించింది. నేతన్న సంపాదనలో ఎనిమిది శాతం కడితే ప్రభుత్వం పదహారు శాతం కలుపుతుంది. మంచిదే, కానీ అది పొదుపు. నేను మొదట చెప్పిన గల్లగురిగి. 2022లో వచ్చిన నేతన్న బీమా మనిషి పోయాక ఇంటికి ఐదు లక్షలు ఇస్తుంది. మనిషి ఉండగా ఆసుపత్రి బిల్లు కట్టేది మాత్రం ఈ రెండూ కావు.

పాలమూరుకు ముందు, నల్లగొండకు తర్వాత

నా పుట్టిల్లు జడ్చర్ల, మెట్టినిల్లు నల్లగొండ. అందుకే 2007వ సంవత్సరం నాకు బాగా గుర్తు.

ఆ ఏడాది ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైంది. అప్పటికి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు ముఖ్యమంత్రి. పెద్ద జబ్బులొచ్చినవాళ్లు ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీలు పెట్టుకోవడం, సచివాలయం చుట్టూ తిరగడం ఉండేది. ఆ అర్జీల పని కాస్తా బీమాగా మారింది. ముందుగా మూడు వెనకబడ్డ జిల్లాలు తీసుకున్నారు: మహబూబ్ నగర్, అనంతపురం, శ్రీకాకుళం. తెల్లకార్డు ఉంటే చాలు, కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే ఇంకో యాభై వేలు. మొదట స్టార్ హెల్త్ కంపెనీ ద్వారా నడిచి, తర్వాత ఎక్కువ భాగం ట్రస్టు చేతికి వచ్చింది.

నల్లగొండకు అది వచ్చింది రెండో విడతలో, ఆ ఏడాది డిసెంబర్ 5న. నడుమ ఎనిమిది నెలలు.

ఆ ఎండాకాలం మా పెద్దమ్మకు గుండె కవాటం పాడైందని తేలింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి బస్సెక్కి హైదరాబాదు పోయింది మూడుసార్లో నాలుగుసార్లో. ఆమెను తెల్లకార్డుతో తీసుకుపోయి కార్పొరేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించారు. పైసా కట్టలేదు. "బిడ్డా, నన్ను చల్లటి అర్రల పండవెట్టిన్రు" అని చెప్పుకుని చెప్పుకుని మురిసిపోయేది. ఇంకా పదకొండేళ్లు బతికింది.

అదే ఎండాకాలం నల్లగొండలో మా వీధి చివరింటాయనకు అదే ఆపరేషన్. ఎకరంన్నర అమ్మారు. ఆ పొలం ఆయన భార్యకు పుట్టింటివాళ్లు పసుపుకుంకుమల కింద ఇచ్చింది.

ఇద్దరూ పేదవాళ్లే. జిల్లా గీత ఒక్కటే తేడా. చట్టాలు, పథకాలు అంటే మనకు సంబంధం లేని సంగతులు అనుకుంటాం కానీ, ఒక తారీకు అటో ఇటో అయితే ఒకామె పసుపుకుంకుమల భూమి పోతుంది.

ఆరోగ్యశ్రీకి లెక్క కప్పు కాదు, వృత్తి కాదు. కార్డు. రాష్ట్రంలో పెద్ద భాగం జనం ఒకే గుంపులోకి వచ్చారు కాబట్టి ఆ బీమా నిలబడింది. 2023 డిసెంబర్ నుంచి మన రాష్ట్రంలో ఆ హద్దు పది లక్షలైంది. దాని మీద విమర్శలూ ఉన్నాయి. ఆపరేషన్లకే డబ్బిచ్చేసరికి అవసరం లేనివాళ్లకు కూడా గర్భసంచులు తీసేశారన్న ఆరోపణ మన ఆడవాళ్లంతా విన్నదే. బీమా ఉన్నంత మాత్రాన మంచి వైద్యం అని కాదు, బిల్లుల మీద ఎవరో ఒకరి కన్ను ఉండాలి.

కానీ కార్డు లెక్కలోనూ ఒక సందుంది. మా ప్రెస్సు అబ్బాయి భార్యలా కార్డులో పేరు ఎక్కనివాళ్లు. ఊరు మారి బతకడానికి వచ్చినవాళ్లు. చిన్న దుకాణం పెట్టుకుని జీఎస్టీ కడుతున్నారు కాబట్టి కార్డు పోయినవాళ్లు. అంటే మాలాంటివాళ్లు కూడా. యజమాని అన్న పేరే గానీ నెలాఖరుకు జీతాలిచ్చాక మాకు మిగిలేది మా పనివాళ్ల కన్నా గొప్పేం కాదు. నీతి ఆయోగ్ 2021లో ఒక నివేదిక ఇచ్చింది. దేశంలో కనీసం ముప్పై శాతం, అంటే నలభై కోట్ల మంది, ఇటు పేదల పథకంలోనూ లేక, అటు కొనుక్కునే స్తోమతూ లేక నడుమ ఉండిపోయారని అందులో రాశారు. నలభై కోట్లలో మా ప్రెస్సూ ఉందని చదివినప్పుడు అర్థమైంది.

పక్క రాష్ట్రంలో అరవై రూపాయలు

మహబూబ్ నగర్ దాటి కృష్ణా నది అవతలికి పోతే రాయచూరు, కర్ణాటక. అక్కడ 2003లో యశస్విని అనే పథకం మొదలైంది. డాక్టర్ దేవీశెట్టి ఆలోచన. సహకార సంఘాల్లో సభ్యులైన రైతులు మనిషికి ఏడాదికి అరవై రూపాయలు, అంటే నెలకు ఐదు రూపాయలు కడితే ఆపరేషన్లకు బీమా. ప్రభుత్వం కూడా కొంత వేసింది. మొదటి ఏడాదే పదహారు లక్షల మంది చేరారు. 2018లో దాన్ని ఇంకో పథకంలో కలిపి, కొన్నేళ్లకు మళ్లీ విడిగా తెచ్చారు.

ఇది ఎందుకు నడిచిందంటే, ఆ సంఘాలు బీమా కోసం పుట్టలేదు. పాల కోసం, అప్పుల కోసం, ఎరువుల కోసం ఎప్పుడో పుట్టాయి. వాటిలో జబ్బున్నవాళ్లూ ఉన్నారు, లేనివాళ్లూ ఉన్నారు. బీమా వచ్చి వాటి మీద వాలింది.

ఇప్పుడు ఆ ఏజెంటు చెప్పిన రూలు అర్థమవుతుంది. బీమా నియంత్రణ సంస్థ 2005లోనే గ్రూపు బీమాకు నియమాలు పెట్టింది. బీమా తీసుకోవడమే ముఖ్య ఉద్దేశంగా గుంపు కట్టకూడదు. ఎందుకంటే, ఆపరేషన్ పడబోయేవాళ్లంతా ఒకచోట చేరి గుంపు కట్టేస్తారు. అప్పుడు ప్రీమియం పెరుగుతుంది. పెరిగేసరికి బాగున్నవాళ్లు తప్పుకుంటారు, ఇంకా పెరుగుతుంది. కడకు ఎవరికీ అందదు. అంతేకాదు, గుంపుల పేరుతో కమీషన్ల వ్యాపారం చేసేవాళ్లూ పుట్టుకొస్తారు.

రూలు న్యాయమే. కానీ మా నాలుగు దుకాణాలకు దారి చూపించదు.

అమెరికాలో కూడా ఇదే గొడవ

ఈ సంగతి మా ఆడబిడ్డకు ఫోనులో చెబితే నవ్వింది. వాళ్లు అమెరికాలో చిన్న కిరాణా దుకాణం నడుపుతారు. "వదినా, ఇక్కడ మా బాధ కూడా గదే" అంది. అక్కడ చిన్న వ్యాపారులు తమ సంఘాల ద్వారా కలిసి ఆరోగ్య బీమా కొనుక్కునేలా చట్టం చేయాలని ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నారు. ఆ బిల్లు దిగువ సభలో 2003లో నెగ్గింది, 2005లో నెగ్గింది, 2017లో కూడా నెగ్గింది. సెనేటులో మాత్రం ఒక్కసారీ గట్టెక్కలేదు. 2018లో ప్రభుత్వం చట్టంతో పని లేకుండా నిబంధనల ద్వారా చేద్దామని చూస్తే, మరుసటేడు కోర్టు చాలావరకు కొట్టేసింది.

అడ్డుపడ్డవాళ్ల వాదన ఏమిటంటే, ఆ సంఘాలు పడుచువాళ్లు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఉండే వ్యాపారాలను ఏరుకుని చవక పాలసీలు ఇస్తాయని. మిగిలినచోట ముసలివాళ్లు, జబ్బుమనుషులు మిగిలి వాళ్ల ప్రీమియం పెరుగుతుందని. చవక పాలసీల్లో కాన్పు ఖర్చులాంటివి ఎగిరిపోతాయని కూడా. ఆ చివరి మాట విని నేను కాసేపు ఆగాను. ఖర్చు తగ్గించాలంటే ముందు కత్తిరించేది ఆడవాళ్ల పద్దే. మన వంటింట్లోనూ అంతే కదా.

మరి మనకు ఎలాంటి చట్టం కావాలి?

2020లో పార్లమెంటు సామాజిక భద్రతా కోడ్ చేసింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో మనకు పనికొచ్చే మాట ఒకటుంది. పదిమంది కన్నా తక్కువున్న చోట కూడా యజమాని, పనివాళ్లలో ఎక్కువమంది ఒప్పుకుంటే ఈఎస్ఐలో చేరొచ్చు. జీతం నెలకు ఇరవై ఒక్క వేలు దాటనివాళ్లకు ఇది వర్తిస్తుంది. చందా యజమానిది జీతంలో మూడుంపావు శాతం, పనివాడిది ముప్పావు శాతం.

మా ప్రెస్సుకు లెక్కేశాను. పన్నెండు వేల జీతానికి మేము 390 రూపాయలు, అతను 90 రూపాయలు. నలుగురికీ కలిపి మాకు నెలకు 1,560. పండుగ బోనసు కన్నా ఎక్కువే, కానీ మోయలేని బరువు కాదు. దానికి అతనికీ, భార్యకూ, పిల్లలకూ వైద్యం. చేరగానే అన్నీ వచ్చేస్తాయని కాదు, కొన్ని నెలలు చందా కట్టాక వచ్చేవి ఉంటాయి. ఆసుపత్రి ఎంత దూరమన్నదీ ఒక ప్రశ్నే. అయినా ఒక దారి.

ఈ దారిలో దుకాణం నడిపే మనిషి, పక్కనే కూర్చుని బైండింగు చేసే ఆయన ఇల్లాలు మాత్రం రారు. ఎందుకంటే మేం "ఉద్యోగులం" కాము. మా పాలసీ మేం విడిగా కొనుక్కోవాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి విడిగా కొనుక్కునే ఆరోగ్య బీమా మీద జీఎస్టీ ఎత్తేశారు, సంతోషం. గుంపుగా కొంటే మాత్రం ఇంకా పద్దెనిమిది శాతం పడుతుంది. కలిసి పంచుకునేవాళ్లకే పన్ను! ఇదేం లెక్కో నాకు అర్థం కాలేదు.

నన్నడిగితే చిన్న వ్యాపారులను కలిపే చట్టం ఒకటి రావాలి. దానికి మన జిల్లాల అనుభవమే చాలు. బీమా కోసం కొత్త గుంపులు కట్టక్కర్లేదు. ఇప్పటికే ఉన్న వ్యాపార సంఘాలు, చేనేత సహకార సంఘాలు, మహిళా సంఘాలు, వాటిమీద వాలాలి, యశస్విని వాలినట్టు. ఒక ఊరి సంఘం ఒక్కటే కాకుండా రాష్ట్రమంతా ఒకే గుంపుగా ఉండాలి, లేకపోతే మర్రిగూడ మర్రిగూడలాగే మిగులుతుంది. చేరిన సంఘంలో ప్రతి దుకాణం, ప్రతి మనిషీ రావాలి, బాగున్నవాళ్లను ఏరుకోకూడదు. చేనేత పథకంలా కండెలు చుట్టే చేతుల్ని కూడా, అంటే దుకాణంలో జీతం లేకుండా పనిచేసే ఇంటి ఆడవాళ్లను కూడా రాసుకోవాలి. కాన్పూ, ఓపీ చీటీలూ కోతలో పోకూడదు. ఆ గుంపు ప్రీమియం మీద పన్ను ఉండకూడదు.

ఇదేం పెద్ద కోరిక కాదు. ఒక్కోటీ ఎక్కడో ఒకచోట ఇప్పటికే జరిగిందే.

మొన్న ఆదివారం మా ఆయన నలుగుర్నీ ఇంటికి పిలిచి భోజనం పెట్టి, ఈఎస్ఐ సంగతి చెప్పారు. ఒకాయన "నాకేం రోగం లేదు సార్, నా తొంభై నాకియ్యున్రి" అన్నాడు. వాళ్లలో పెద్దాయన, కటింగు మిషను దగ్గర పాతికేళ్లుగా ఉన్న మనిషి, "నీకు రోగం లేకపోవుడే గద రా మాకు గావాల్సింది" అన్నాడు. అందరూ నవ్వారు. నేను ఇన్నిరోజులు చదివి తెలుసుకున్నది ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు. ముగ్గురు ఒప్పుకున్నారు, నాలుగో ఆయన ఇంకా ఆలోచిస్తున్నాడు. ముగ్గురు చాలు.

వాళ్ల ఇంట్లోవాళ్ల పేర్లు ఆధార్ కార్డుల్లో ఉన్నట్టు ఒక కాగితం మీద రాసింది నేనే. కాగితాల పని నడుస్తోంది. అది అయ్యేదాకా ఆగొద్దని, ఆ పిత్తాశయం రాళ్లమ్మాయిని ప్రభుత్వాసుపత్రికి నేనే వెంటబెట్టుకుని పోయాను. వచ్చే నెల తారీకు ఇచ్చారు. పిల్లల పరీక్షలు ఆ వారంలోనే ఉన్నాయి. "ఎట్లక్కా?" అంది. పిల్లలు మా ఇంట్లో ఉంటారులే అన్నాను.

మీ దుకాణంలో, మీ ఆయన షాపులో, మీ పక్కింట్లో ఎంతమంది పనిచేస్తున్నారో ఒక్కసారి లెక్కపెట్టి చూడండి. మిమ్మల్ని మీరు కలుపుకోవడం మర్చిపోకండి.